లా కాలేజీల "సోషల్ జస్టిస్ వర్క్": అందులో ఏది క్యాంపు, ఏది కేసు?

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే లాసెట్ రాసినోళ్లు, క్లాట్ రాసినోళ్లు, వాళ్ల ఇంట్లో వాళ్లు అందరూ కాలేజీ బ్రోషర్లు ముందేసుకుని కూర్చుంటారు. ప్లేస్‌మెంట్ల పేజీ తర్వాత ఇంకో పేజీ గ్యారంటీగా ఉంటుంది, "మా లీగల్ ఎయిడ్ సెల్ విజయాలు" అనో "సామాజిక న్యాయంలో మా పాత్ర" అనో, అందులో ఊళ్లో టెంటు, బ్యానర్, నల్లకోటు వేసుకున్న స్టూడెంట్స్, ముందు వరసలో మహిళలు, ఓ జడ్జి గారు మైక్ పట్టుకుని. చూసిన వాళ్లకి ఒక డౌట్ వస్తుంది, వీళ్లు నిజంగా ఎవరి కేసైనా వాదించారా లేక ఫోటో దిగి వచ్చేశారా అని. డౌట్ న్యాయమైనదే కానీ జవాబు మాత్రం అవును కాదు అని ఒక్క ముక్కలో చెప్పేది కాదు, ఎందుకంటే మన దేశంలో లా స్టూడెంట్ కేసు వాదించడానికి చట్టమే ఒప్పుకోదు, మళ్లీ అదే లా కాలేజీ పేదలకి న్యాయ సహాయం చెయ్యాలని కూడా చట్టమే చెబుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే కాలేజీలు చేసే మంచి పని, ఉత్తుత్తి పని రెండూ జరుగుతున్నాయి.

ఒకే బ్యానర్ కింద నాలుగు వేర్వేరు పనులు

ముందు మాటల సంగతి చూద్దాం, ఎందుకంటే కన్‌ఫ్యూజన్ సగం ఇక్కడే ఉంది.

ఊరెళ్లి గృహహింస చట్టం గురించో కనీస వేతనాల గురించో చెప్పి రావడాన్ని న్యాయ విజ్ఞాన సదస్సు అంటారు. ఇది అవగాహన, అంతే. ఎవరి తరఫునా ఎవరూ నిలబడరు. రెండోది ఉచిత న్యాయ సహాయం, అంటే ఒక మనిషికి ఒక సమస్య ఉంది, ఆ మనిషికి సలహా ఇవ్వడం, అర్జీ రాసి పెట్టడం, అవసరమైతే ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ని పెట్టించడం. మూడోది ప్రజా ప్రయోజన వ్యాజ్యం, అందరూ పిల్ అంటారు కదా అదే, ఇక్కడ ఒక మనిషి సమస్య కాకుండా ఒక గుంపు సమస్య, ఉదాహరణకి జైళ్లలో మగ్గుతున్న వాళ్లందరిదీ, కోర్టుకి రాలేని వాళ్ల తరఫున ఇంకెవరో వెళ్లి అడుగుతారు. నాలుగోది రీసెర్చ్, అంటే ఫీల్డ్‌కి వెళ్లి లెక్కలు తీసి, ఇంటర్వ్యూలు చేసి, ఇదిగో ఈ చట్టం ఇక్కడ ఇలా అమలవుతోంది అని రిపోర్ట్ పెట్టడం.

బ్రోషర్‌లో ఈ నాలుగూ కలిపి "సేవ" అని రాసేస్తారు. కానీ నాలుగింటికీ కావాల్సిన టైమ్ వేరు, డబ్బు వేరు, బాధ్యత అసలే వేరు. సదస్సు మధ్యాహ్నం భోజనం టైమ్‌కి అయిపోతుంది, ఒక బెయిల్ ఫైల్ నెలలు పడుతుంది, పిల్ అయితే చేపట్టిన బ్యాచ్ పాసై పోయి ఉద్యోగాల్లో సెటిలయ్యాక కూడా నడుస్తూనే ఉంటుంది.

ఈ పని కాలేజీల నెత్తి మీదకి ఎలా వచ్చింది

రాజ్యాంగంలో ఆర్టికల్ 39ఏ మొదటి నుంచీ లేదు, 1976లో 42వ సవరణతో వచ్చింది. డబ్బు లేదనే కారణంతో ఎవరికీ న్యాయం దొరక్కుండా పోకూడదు, అందుకోసం రాజ్యం ఉచిత న్యాయ సహాయం ఏర్పాటు చెయ్యాలి అని దాని సారాంశం. ఆదేశిక సూత్రం కాబట్టి దీన్ని చూపించి నేరుగా కోర్టులో నిలదీయడం కుదరదు. దీనికి ప్రాణం పోసింది 1979లో వచ్చిన హుస్సేనారా ఖాతూన్ కేసు. బీహార్ జైళ్లలో విచారణే మొదలవకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్న వాళ్ల గురించి ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో కథనాలు వచ్చాయి, వాటి ఆధారంగా అడ్వకేట్ కపిలా హింగోరాణీ సుప్రీంకోర్టుకి వెళ్లారు. నేరం రుజువైతే పడే గరిష్ట శిక్ష కంటే ఎక్కువ కాలం అప్పటికే లోపల గడిపేసిన వాళ్లు కూడా ఉన్నారని తేలింది. జస్టిస్ పి.ఎన్. భగవతి బెంచ్ త్వరిత విచారణ, ఉచిత న్యాయ సహాయం రెండూ ఆర్టికల్ 21లో, అంటే జీవించే హక్కులో భాగమే అనేసింది, దాంతో ఆదేశిక సూత్రం కాస్తా హక్కు పక్కన వచ్చి కూర్చుంది.

తర్వాత 1987లో లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం చేశారు, అమల్లోకి రావడానికి మాత్రం 1995 నవంబర్ 9 దాకా పట్టింది (నవంబర్ 9న న్యాయ సేవల దినోత్సవం చేసేది ఇందుకే). పైన నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ), రాష్ట్రంలో రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ, జిల్లాలో జిల్లా సంస్థ, మండల స్థాయిలో కమిటీలు, ఇదంతా ఈ చట్టంతో వచ్చిందే. సెక్షన్ 4లో నల్సా బాధ్యతల లిస్ట్ ఉంటుంది, అందులో ఒకటి లాయర్ల వృత్తికి రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్‌తో మాట్లాడి యూనివర్సిటీల్లో, లా కాలేజీల్లో లీగల్ సర్వీసెస్ క్లినిక్‌లు పెట్టించడం, వాటిని గైడ్ చెయ్యడం. 1995లోనే మనూభాయి వశి కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట అంది, న్యాయ సహాయం బాగా అందాలంటే మంచి లాయర్లు తయారవ్వాలి, అంటే లా కాలేజీలు బాగుండాలి, కాబట్టి గుర్తింపు ఉన్న ప్రైవేట్ లా కాలేజీలకి కూడా గ్రాంట్ ఇవ్వాల్సిన బాధ్యత రాష్ట్రానిదే అని. బార్ కౌన్సిల్ 2008 నాటి రూల్స్‌లో ప్రతి కాలేజీలో లీగల్ ఎయిడ్ సెంటర్ ఉండాలని రాసుంది, మూడేళ్ల కోర్సు వాళ్లు మొత్తం మీద కనీసం 12 వారాలు, ఐదేళ్ల వాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలని కూడా ఉంది. 2011లో నల్సా క్లినిక్‌లకి విడిగా రెగ్యులేషన్స్ ఇచ్చింది.

అంటే లీగల్ ఎయిడ్ సెల్ పెట్టడం కాలేజీ గొప్పతనం ఏమీ కాదు, అది ఎలాగూ పెట్టాల్సిందే. పెట్టాక అందులో ఏం జరిగింది అన్నదే చూడాల్సింది.

చెయ్యమనేది చట్టమే, చెయ్యి పట్టుకుని ఆపేదీ చట్టమే

అడ్వకేట్స్ చట్టం 1961 ప్రకారం కోర్టులో ప్రాక్టీస్ చేసే హక్కు ఎన్‌రోల్ అయిన అడ్వకేట్‌కే ఉంది. సెక్షన్ 29, 33 రెండూ కలిపి చదివితే స్టూడెంట్‌కి దారి మూసుకుపోయినట్టే. సెక్షన్ 32లో చిన్న కిటికీ ఉంది, ఏదైనా ఒక కేసులో అడ్వకేట్ కాని మనిషిని కూడా హాజరవ్వడానికి కోర్టు అనుమతించొచ్చు అని, కానీ అది ఆ కేసు వరకు, ఆ జడ్జి ఇష్టం మీద ఆధారపడింది. దాని మీద ఒక క్లినిక్‌ని నడపలేం.

సరే స్టూడెంట్ వద్దు, పాఠం చెప్పే సారో మేడమో వాదిస్తారు కదా అంటే అక్కడా చిక్కే. పూర్తికాలం జీతం తీసుకుంటూ ఉద్యోగం చేసేవాళ్లు ప్రాక్టీస్ చెయ్యకూడదని బార్ కౌన్సిల్ రూల్ ఉంది. ప్రాక్టీస్‌లో ఉన్న అడ్వకేట్ రోజుకి మూడు గంటల లోపు పాఠాలు చెప్పుకోవచ్చు, దానికి 1979 రూల్స్ ఒప్పుకుంటాయి, కానీ ఫుల్‌టైమ్ ప్రొఫెసర్ కోటు వేసుకుని కోర్టుకి వెళ్లడం కుదరదు. మెడికల్ కాలేజీకి ఆసుపత్రి ఉంటుంది, పొద్దున పాఠం చెప్పిన ప్రొఫెసరే వార్డులో పేషెంట్‌ని చూస్తారు, హౌస్ సర్జన్లు పక్కనే నిలబడి నేర్చుకుంటారు. లా కాలేజీలో పాఠం చెప్పే మనిషికి పేషెంట్‌ని ముట్టుకునే హక్కే లేదు. కాలేజీలు సదస్సుల దగ్గర ఆగిపోవడానికి బద్ధకం ఒక కారణం అయ్యుండొచ్చు గానీ, అసలు కారణం ఈ రూల్ అని నాకు అనిపిస్తుంది. సదస్సు పెట్టడానికి ఎవరి పర్మిషనూ, ఎవరి వకాల్తా అక్కర్లేదు కదా.

మరి చట్టం ఒప్పుకునే పని ఏంటంటే చాలానే ఉంది. సలహా, అర్జీల డ్రాఫ్టింగ్, ఆర్టీఐ దరఖాస్తులు (సెంట్రల్ ఆఫీసులకి ఫీజు 10 రూపాయలు, బీపీఎల్ వాళ్లకి అదీ లేదు), పెన్షన్ లేదా రేషన్ గురించి ఆఫీసుల చుట్టూ తిరగడం, లోక్ అదాలత్‌కి కేసు తీసుకెళ్లేలా చూడటం. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు, అక్కడ వచ్చిన అవార్డు (అంటే తీర్పు) మీద అప్పీల్ కూడా ఉండదు, కాబట్టి రాజీకి ఒప్పుకునే ముందు ఆ విషయం సరిగ్గా అర్థమయ్యేలా చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండటం చిన్న సాయం కాదు.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. ఉచిత లాయర్ అంటే తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లకే అనుకుంటారు. చట్టంలో సెక్షన్ 12 చూస్తే మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, మానవ అక్రమ రవాణా బాధితులు, విపత్తు బాధితులు వీళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండానే అర్హత ఉంది, మిగతా వాళ్లకే ఆదాయ పరిమితి. ఒక సదస్సులో ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పి, 15100 హెల్ప్‌లైన్ నంబర్ ఇచ్చి వచ్చినా సదస్సు వేస్ట్ కాదు.

ఒక జైలు ఫైల్ తీసుకుని లెక్క కట్టి చూద్దాం

ఊహించిన ఉదాహరణే, కానీ ఇలాంటివి ప్రతి సబ్ జైల్లో ఉంటాయి. ఒకతన్ని దొంగతనం కేసులో అరెస్ట్ చేశారు. గరిష్ట శిక్ష మూడేళ్లు. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడలేదు. లోపలికెళ్లి 13 నెలలైంది, ట్రయల్ ఇంకా మొదలవలేదు.

2024 జులై 1 నుంచి, క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే సీఆర్‌పీసీ చట్టం బదులు బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. అందులో సెక్షన్ 479 ఏమంటుందంటే, విచారణ ఖైదీ ఆ నేరానికి ఉన్న గరిష్ట శిక్షలో సగం కాలం లోపలే గడిపేస్తే బెయిల్ మీద వదలాలి, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని వాళ్లయితే మూడో వంతుకే బాండ్ మీద వదలాలి. పాత చట్టంలో అందరికీ సగమే ఉండేది. మన లెక్కలో మూడేళ్లు అంటే 36 నెలలు, మూడో వంతు 12 నెలలు. అతను నెల క్రితమే బయట ఉండాల్సింది. అదే ఇంతకుముందు ఒకసారి శిక్ష పడి ఉంటే 18 నెలలు, అంటే ఇంకో ఐదు నెలలు. నేరానికి గరిష్ట శిక్ష ఏడేళ్లయితే 84 నెలలు, మొదటిసారి వాళ్లకి 28, మిగతా వాళ్లకి 42. ఉరి గానీ యావజ్జీవం గానీ పడే నేరాలకి ఈ సెక్షన్ వర్తించదు. నిందితుడి వల్లే ఆలస్యమైన కాలాన్ని కూడా తీసేసి లెక్క కడతారు.

వినడానికి ఈజీగా ఉంది కదా, కానీ ఇక్కడే చిక్కుముడులు. ఒకటి కంటే ఎక్కువ నేరాల్లో లేదా కేసుల్లో విచారణ నడుస్తుంటే ఈ సెక్షన్ కింద వదలకూడదని అదే 479లో ఇంకో క్లాజ్ ఉంది. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో పోలీసులు రెండు మూడు సెక్షన్లు పెట్టడం మామూలే, మరి అది "ఒకటి కంటే ఎక్కువ నేరాలు" కిందకి వస్తుందా? అక్షరాలా చదివితే వస్తుంది, అలా చదివితే ఈ సెక్షన్ ఎవరికీ పనికి రాకుండా పోతుంది అనేది అవతలి వాదన. ఇక 2024 జులైకి ముందు అరెస్టయిన వాళ్ల సంగతేంటి అని అడిగితే, వాళ్లకి కూడా వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పేసింది, ఆ ముడి విడిపోయింది.

టైమ్ దాటగానే కోర్టుకి దరఖాస్తు పంపాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే అని చట్టంలో ఉంది. కానీ వందల మంది ఫైళ్లలో ఎవరి తేదీ ఎప్పుడు దాటిందో చూసే తీరిక ఎవరికుంటుంది? జిల్లా న్యాయసేవాధికార సంస్థ పర్మిషన్‌తో జైలు క్లినిక్‌కి వెళ్లే స్టూడెంట్స్ విలువ తెలిసేది ఇక్కడే. ఒక్కో ఖైదీతో కూర్చుని అరెస్ట్ తేదీ, సెక్షన్లు, పాత కేసులు, వేరే జిల్లాలో వారంట్ ఏమైనా ఉందా అన్నీ రాసుకుని, రిమాండ్ కాగితాలతో సరిచూసి, షీట్ తయారుచేసి ఇస్తారు. సంతకం పెట్టి పిటిషన్ వేసేది లీగల్ ఎయిడ్ లాయర్. వాదించేదీ ఆయనే. స్టూడెంట్ పేరు ఆర్డర్‌లో ఎక్కడా కనపడదు.

బెయిల్ వచ్చాక కూడా కథ అయిపోదు, జామీనుదారు కావాలి. 1978లో మోతీరామ్ కేసులో ఒక తాపీమేస్త్రికి 10,000 రూపాయల జామీను అడిగారు, ఆయన సోదరుడు జామీను ఉంటానంటే వేరే జిల్లా వాడివి అని తిప్పి పంపారు, జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని కడిగి పారేసి వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. ఆ తీర్పు వచ్చి ఎన్ని దశాబ్దాలైనా బెయిల్ ఆర్డర్ చేతిలో పెట్టుకుని లోపలే ఉండిపోయే వాళ్లు ఉన్నారు, అందుకే 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ గైడ్‌లైన్స్ ఇచ్చింది, బెయిల్ వచ్చిన వారం లోపు ఖైదీ బయటికి రాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థ సెక్రటరీకి చెప్పాలి, నెల దాటినా పూచీకత్తు కట్టలేకపోతే షరతు సడలించాలా అని కోర్టే ఆలోచించొచ్చు అని. ఇంటి వాళ్లని వెతికి ఫోన్ చేసి, మీ వాడికి బెయిల్ వచ్చింది ఈ కాగితాలు పట్టుకుని రండి అని చెప్పే పని కూడా చాలాసార్లు స్టూడెంట్స్‌దో పారా లీగల్ వాలంటీర్లదో అవుతుంది. ఇంత చేస్తే కాలేజీ వార్షిక రిపోర్ట్‌లో వచ్చేది "జైలు సందర్శన, 1" అనే ఒక్క లైను. సదస్సుకీ ఒక్క లైనే.

లా టీచర్లు, స్టూడెంట్స్ నిజంగా కదిపిన రాళ్లు

వాదించే హక్కు లేకపోయినా చట్టం దిశ మార్చిన వాళ్లు ఉన్నారు. పోలీస్ స్టేషన్‌లో ఒక గిరిజన బాలిక మీద జరిగిన అత్యాచారం కేసులో, ఒంటి మీద గాయాల్లేవు, ప్రతిఘటించలేదు అంటూ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసుల్ని వదిలేసింది. 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా టీచర్లు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నది వాళ్ల పాయింట్. తీర్పు మారలేదు. కానీ మహిళా సంఘాలు రోడ్డెక్కాయి, 1983లో క్రిమినల్ చట్టాలే మారాయి, కస్టడీలో జరిగే అత్యాచారం వేరే నేరంగా వచ్చింది, అలాంటి కేసుల్లో ఒప్పుకోలేదని బాధితురాలు చెబితే కోర్టు ఆ మాటతోనే మొదలుపెట్టాలనే నిబంధన వచ్చింది, బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైంది. బక్షీ, సర్కార్ ఇద్దరూ 1981లో ఆగ్రా ప్రొటెక్టివ్ హోమ్‌లో మహిళల దుస్థితి మీద సుప్రీంకోర్టుకి ఉత్తరం రాస్తే దాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు, ఆ కేసు ఏళ్ల తరబడి సాగింది.

రెండో ఉదాహరణ కొత్తది. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలో ఉరిశిక్ష మీద ఒక ప్రాజెక్ట్ మొదలైంది, దాని పేరే తర్వాత ప్రాజెక్ట్ 39ఏ అయింది, ఆర్టికల్ నంబరే పేరు. స్టూడెంట్స్ దేశమంతా జైళ్లకి, ఖైదీల ఇళ్లకి తిరిగారు. అప్పటికి ఉరిశిక్ష పడి ఉన్న 385 మందిలో 373 మందిని కలిసి 2016లో రిపోర్ట్ పెట్టారు. ఆర్థికంగా వెనకబడిన వాళ్లు 74.1 శాతం అని తేలింది. అది రీసెర్చ్, అక్కడితో ఆగి ఉంటే లైబ్రరీలో ఒక పుస్తకం అయ్యేది. ఆగలేదు, ప్రాక్టీస్ చేసే లాయర్లని టీమ్‌లో పెట్టుకుని కేసులు కూడా చేపట్టారు. వాళ్లు పోరాడిన ఒక కేసులో 1994 నాటి పుణె హత్యలకి ఉరిశిక్ష పడి, అప్పీల్, రివ్యూ అన్నీ అయిపోయిన మనిషి నేరం జరిగిన రోజుకి పన్నెండున్నరేళ్ల పిల్లాడని తేలింది. రాజస్థాన్‌లో అతను చదివిన బడి రికార్డులో ఉన్న పేరుకీ కేసులో ఉన్న పేరుకీ తేడా, ఆ రెండూ ఒకరేనని రుజువు చెయ్యాల్సి వచ్చింది. మైనర్ అనే వాదన ఏ దశలోనైనా, తుది తీర్పు తర్వాతైనా చెయ్యొచ్చని జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతుంది కాబట్టి సరిపోయింది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు వదిలేసింది, అప్పటికి 28 ఏళ్ల పైనే జైల్లో గడిచిపోయాయి. మైనర్‌గా చూసి ఉంటే గరిష్టంగా మూడేళ్లు. ఆ టీమ్ ఇప్పుడు హైదరాబాద్ నల్సార్‌లో స్క్వేర్ సర్కిల్ క్లినిక్ పేరుతో పని చేస్తోంది.

గమనించండి, అడ్వకేట్స్ చట్టం పెట్టిన అడ్డుని వీళ్లు తీసెయ్యలేదు, పక్క నుంచి వెళ్లారు. టీచర్ రీసెర్చ్ చూసుకుంటాడు, స్టూడెంట్ ఫీల్డ్ చూస్తాడు, జీతం మీద పెట్టుకున్న లాయర్ కోర్టుకి వెళ్తాడు. దీనికి డబ్బు కావాలి, పదేళ్ల ఓపిక కావాలి, రెండూ ఉన్న కాలేజీలు చాలా తక్కువ.

కోర్టు గెలుపే గెలుపా

ఇక్కడ ఒక పాత వాదన ఉంది, తెలుగు వాళ్లకి బాగా తెలిసిందే. 1997లో సమత కేసు. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గిరిజనుల భూముల్ని మైనింగ్ కంపెనీలకి లీజుకిచ్చారు. ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదిలీ కాకూడదని మన 1959 రెగ్యులేషన్, దానికి 1970లో తెచ్చిన సవరణ (అందరూ 1/70 అనేది) చెబుతుంటే, ప్రభుత్వమే తన భూమిని ఇస్తే అది వర్తిస్తుందా? సమత అనే సంస్థ హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఇద్దరు జడ్జిలు ఒక వైపు, ఒకరు ఇంకో వైపు, చివరికి ప్రభుత్వం కూడా గిరిజనేతరుడే అనే అర్థంలో తీర్పొచ్చింది, ప్రైవేట్ కంపెనీలకి లీజు చెల్లదన్నారు. ఏ లా కాలేజీ క్లినిక్కూ వేసిన కేసు కాదిది, ఊళ్లలో పని చేసే వాళ్ల చేతుల మీదుగా వచ్చింది. పౌరహక్కుల లాయర్ కన్నబిరాన్, కాకతీయ యూనివర్సిటీలో లెక్కల పాఠాలు చెప్పి తర్వాత లాయర్ అయిన బాలగోపాల్, వీళ్లు కూడా క్యాంపస్ క్లినిక్‌ల నుంచి తయారైన వాళ్లు కాదు.

దీన్ని చూపించి కొందరు అంటారు, సామాజిక న్యాయం అనేది ఉద్యమాల పని, లా కాలేజీ పాఠాలు బాగా చెబితే చాలు అని. ఇంకొందరు అంటారు, పిల్ వల్ల పేర్లొస్తాయి గానీ పిల్లే ఒక వ్యాపారం అయిందని. ఈ రెండో మాట సుప్రీంకోర్టుకి కూడా తెలుసు, 2010లో బల్వంత్ సింగ్ చౌఫల్ కేసులో అసలు పిల్ ఏది, పనికిమాలిన పిల్ ఏది అని వడకట్టడానికి గైడ్‌లైన్స్ ఇచ్చి, హైకోర్టుల్ని రూల్స్ రాసుకోమంది. అవతలి వైపు వాళ్ల మాట ఏంటంటే, ఉద్యమం ఉన్నచోట కూడా పాత రికార్డులు వెతికే వాళ్లు, తీర్పులు చదివి సులువుగా చెప్పే వాళ్లు, డ్రాఫ్ట్ చేసే వాళ్లు కావాలి, ఆ చేతులు కాలేజీలో ఖాళీగా ఉన్నాయి కదా అని. నాకు ఈ చివరి మాటే ఎక్కువ నచ్చుతుంది, కాకపోతే స్టూడెంట్స్ సెలవులకి ఇంటికెళ్తారు, సెమిస్టర్ పరీక్షలుంటాయి, ఉద్యమానికి సెలవులుండవు, ఈ చిక్కుకి ఇప్పటికీ ఎవరి దగ్గరా మంచి మందు లేదు.

అమెరికాలో స్టూడెంట్ కోర్టులో ఎలా నిలబడతాడు

పోలిక ఎప్పుడూ అక్కడితోనే వస్తుంది కాబట్టి క్లుప్తంగా. అక్కడ రాష్ట్రాలకి, ఫెడరల్ కోర్టులకి స్టూడెంట్ ప్రాక్టీస్ రూల్స్ ఉన్నాయి, సీనియర్ స్టూడెంట్ లైసెన్స్ ఉన్న లాయర్ పర్యవేక్షణలో, క్లయింట్ ఒప్పుకుంటే, కోర్టులో హాజరవ్వొచ్చు. చాలాచోట్ల ఆ పర్యవేక్షించే లాయరే క్లినిక్ ప్రొఫెసర్, ఫుల్‌టైమ్ టీచర్ వాదించకూడదనే మన రూల్ అక్కడ లేదు. డీఎన్‌ఏ పరీక్షలతో తప్పుడు శిక్షలు పడిన వాళ్లని విడిపించే ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ 1992లో కార్డోజో లా స్కూల్లో క్లినిక్‌గానే మొదలైంది. డిగ్రీ రావాలంటే ప్రాక్టికల్ అనుభవం ఇచ్చే కోర్సులు ఆరు క్రెడిట్లు చెయ్యాలి. న్యూయార్క్‌లో అయితే బార్‌లో చేరే ముందు 50 గంటలు ఉచిత సేవ చెయ్యాలి.

అంతా బాగుందని కాదు. లా చదువు అప్పు తీర్చడానికి పెద్ద ఫర్మ్‌లకి వెళ్లిపోవడం అక్కడి పెద్ద సమస్య. అందుకే 2007లో ఒక స్కీమ్ తెచ్చారు, ప్రభుత్వంలోనో లాభాపేక్ష లేని సంస్థల్లోనో పని చేస్తూ 120 నెలవారీ వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ లోన్ మాఫీ. పదేళ్లు. మొదట్లో దరఖాస్తు చేసిన వాళ్లలో చాలామందికి తిరస్కరణలే వచ్చాయి, పెద్ద గొడవైంది.

మన స్టూడెంట్స్‌కీ ఆ ఛాన్స్ ఇవ్వాలా

ఇవ్వాలనే వాళ్లు చెప్పేది సింపుల్, ఈ రోజు నాలుగో ఏడాది చదివే స్టూడెంట్‌కి పనికిరాదు అంటున్న పనిని, డిగ్రీ చేతికొచ్చి ఎన్‌రోల్ అయిన మర్నాడే ఎవరి పర్యవేక్షణా లేకుండా చెయ్యనిస్తున్నారు, దాని కంటే సీనియర్ పక్కన ఉండి నేర్పించడం నయం కదా అని. చిన్న నేరాల కేసులు, భరణం కేసులు, బెయిల్ పిటిషన్లు ఇలాంటివి మాత్రమే ఇచ్చి మొదలుపెట్టొచ్చు అంటారు.

వద్దనే వాళ్ల భయం కూడా కొట్టిపారేసేది కాదు. ఉచిత లాయర్ అంటే ఇప్పటికే జనానికి చిన్నచూపు, సొంతంగా లాయర్‌ని పెట్టుకునే స్థోమత ఉన్నోడు స్టూడెంట్‌ని ఒప్పుకోడు, కాబట్టి ప్రయోగాలన్నీ పేదోడి కేసు మీదే జరుగుతాయి. పొరపాటు జరిగితే బాధ్యత ఎవరిది, క్లయింట్ చెప్పిన రహస్యానికి స్టూడెంట్ దగ్గర రక్షణ ఉందా, ఇవన్నీ చట్టంలో రాసుకోకుండా తలుపు తెరవకూడదు అంటారు. జిల్లా బార్‌లలో ఇంకో గొణుగుడు ఉంది, బయటికి అనరు గానీ, ఉన్న జూనియర్లకే పని లేదు, మళ్లీ వీళ్లా అని.

మధ్యలో ఉండే వాళ్లు స్టూడెంట్ సంగతి తర్వాత, ముందు క్లినిక్ నడిపే టీచర్‌కి లీగల్ ఎయిడ్ కేసుల వరకు హాజరయ్యే వీలు ఇవ్వండి అంటారు. అది చిన్న మార్పు, చట్టం మార్చక్కర్లేదు, రూల్ మారిస్తే చాలు.

చివరికి ఈ పనిలో ఎవరు మిగులుతారు

ఎన్ని క్లినిక్‌లు పెట్టినా అక్కడ పని చేసిన పిల్లలు తర్వాత ఎక్కడికి వెళ్తారు అన్నది వేరే ప్రశ్న. 1980ల చివర్లో న్యాయ విద్యావేత్త మాధవ మీనన్ బెంగళూరులో నేషనల్ లా స్కూల్ మొదలుపెట్టినప్పుడు సమాజానికి పనికొచ్చే లాయర్లు అనే ఆశ గట్టిగా ఉంది, తర్వాత అక్కడి వాళ్లలో చాలామంది కార్పొరేట్ ఫర్మ్‌లకి వెళ్లారని విమర్శ. దీన్ని కాస్త జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే జిల్లా కోర్టుల్లో కనపడే లాయర్లలో ఎక్కువమంది పేరు మోసిన యూనివర్సిటీల వాళ్లు కారు, మామూలు మూడేళ్ల కాలేజీల్లో చదివిన వాళ్లు, లీగల్ ఎయిడ్ ప్యానెళ్లలో ఉండేదీ ఎక్కువగా వాళ్లే, బ్రోషర్లు మెరిసేది మాత్రం వేరే చోట.

లోపలికి ఎవరు రాగలుగుతున్నారు అనే వైపు నుంచి 2010లో షమ్నాద్ బషీర్ ఐడియా అనే సంస్థ మొదలుపెట్టారు, గ్రామీణ, పేద, వికలాంగ విద్యార్థులకి క్లాట్ ట్రైనింగ్ ఇచ్చి, సీటొచ్చాక కూడా తోడుంటారు, లా స్టూడెంట్సే వాలంటీర్లుగా నడుపుతారు. ఆయన 2019లో పోయారు, పని సాగుతోంది.

బయటికొచ్చాక ఖర్చు సంగతి. ఎన్‌రోల్‌మెంట్‌కి బార్ కౌన్సిళ్లు రకరకాల పేర్లతో వేలల్లో వసూలు చేసేవి, 2024 జులై 30న సుప్రీంకోర్టు అడ్వకేట్స్ చట్టంలో ఉన్న ఫీజు దాటి తీసుకోవడానికి వీల్లేదంది, అంటే జనరల్‌కి 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 125. అదే ఏడాది అక్టోబర్‌లో జూనియర్లకి నెలకి పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు స్టైపెండ్ ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది, అది సిఫారసు మాత్రమే, ఇవ్వకపోతే ఏం చేస్తారనేది అందులో లేదు. 2022లో నల్సా తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ స్కీమ్‌లో మాత్రం కొత్తవాళ్లకి అసిస్టెంట్ పోస్టులున్నాయి, ఫుల్‌టైమ్, నెల జీతం, క్రిమినల్ కేసులే పని, ప్రైవేట్ ప్రాక్టీస్ చెయ్యకూడదు. కాలేజీ రోజుల్లో జైలుకెళ్లి తేదీల షీట్లు రాసిన పిల్లలకి సరిగ్గా సరిపోయే ఉద్యోగం ఇది, కాకపోతే పర్మనెంట్ కాదు, కాంట్రాక్ట్.